దుష్ప్రభావాలు ఉండవు

మావారి మీద నాకున్న ఫిర్యాదు ఒక్కటే. ఆయనకు సైడ్ ఎఫెక్టులు లేవు.

పెళ్ళయి ఇరవై మూడేళ్ళయింది. ఆయన ఏ మందు వేసుకున్నా అది ఎక్కడికి పోవాలో అక్కడికే పోయి, ఏం చేయాలో అదే చేసి, ఎదురు మాట్లాడకుండా వెళ్ళిపోతుంది. జలుబు మాత్ర వేసుకుంటే జలుబు తగ్గుతుంది. కునుకైనా రాదు. ఎంత చిక్కటి కాఫీ తాగినా అంతే, ప్రెస్సు ఓనరు ఎంత గట్టిగా కసిరినా అంతే. అలాంటి మనిషితో కాపురం ఎంత కష్టమో చేసినవాళ్ళకు తప్ప తెలియదు. గోడకు వేసిన సున్నంతో కబుర్లు చెప్పుకున్నట్టుంటుంది.

నా విషయం అలా కాదు. రెండు నెలలుగా నాకు సైడ్ ఎఫెక్టులున్నాయి. ఆ అనుభవం కొద్దీ చెబుతున్నాను, ప్రతి ఇల్లాలికీ కనీసం నాలుగైదు ఉండి తీరాలి. లేనివాళ్ళు ఈ వారమే సంపాదించుకోండి. కష్టమేమీ లేదు. డాక్టరు చీటీ అక్కర్లేదు, వరుసలో నిలబడక్కర్లేదు. 'హెర్బల్' అని రాసి ఉన్న సీసా ఒకటి ఇంట్లో అడుగుపెడితే చాలు, మిగతాదంతా అదే చూసుకుంటుంది.

మా ఇంట్లో ఎలా అడుగుపెట్టిందో చెబుతాను.

నాకు నలభై ఎనిమిదేళ్ళు. ఈ వయసులో ఆడదాని ఒంట్లో ఎవరో పొయ్యి వెలిగించి, కట్టేయడం మరిచిపోయి వెళ్ళిపోతారు. కూర్చున్నదాన్ని కూర్చున్నట్టే ఆవిరెక్కిపోతాను. చెమట తుడుచుకునేలోపు వణుకు. ఇది చూసి మా పెద్దాడపడుచు జాలిపడ్డారు. వదినగారని పిలుస్తాను. ఆవిడ ముప్పై ఏళ్ళు టెలిఫోన్ ఆఫీసులో ఎంక్వైరీ కౌంటర్లో పనిచేసి రిటైరయ్యారు. అడిగినవాళ్ళకు సమాధానం చెప్పీ చెప్పీ అలవాటైపోయి, ఇప్పుడు అడగనివాళ్ళకు కూడా చెబుతారు. ఒంట్లో హార్మోన్లు అటూ ఇటూ అయినప్పుడు వాటిని మళ్ళీ వరసలో నిలబెట్టే క్యాప్సూల్స్ ఉన్నాయని, వేళ్ళూ ఆకులూ తప్ప అందులో ఇంకేమీ లేవని, రోజుకు రెండు వేసుకుంటే నెలలో ఇరవై ఏళ్ళ పిల్లనవుతానని చెప్పారు. ఇరవై ఏళ్ళప్పుడు నేనేమంత సుఖపడ్డానని మళ్ళీ అవ్వడానికి? ఆ ప్రశ్న నేను వేయలేదు. ఎంక్వైరీ కౌంటర్లో ప్రశ్న వేస్తే మన వెనకవాళ్ళు ఒప్పుకోరు.

అదృష్టం చూడండి, ఆ క్యాప్సూల్స్ సీసాల లేబుళ్ళు అచ్చయ్యేది మావారు పనిచేసే ప్రెస్సులోనే! మావారు అక్కడ ప్రూఫ్ రీడరు. లేబుల్ అచ్చుకు వెళ్ళే ముందు అక్షరం అక్షరం చదివి, ఎర్ర పెన్నుతో దిద్ది, కింద సంతకం పెడతారు. పందొమ్మిదేళ్ళుగా అదే పని. ఇంట్లో కూడా అదే పని. నేను రాసిన సరుకుల జాబితా దిద్దిగానీ సంచీ తీసుకోరు. కిందటేడు నా పుట్టినరోజుకు మా అమ్మాయి ఇచ్చిన గ్రీటింగ్ కార్డులో రెండు తప్పులు దిద్ది, తరవాత నా చేతికిచ్చారు.

ఆ కంపెనీవాళ్ళు లేబుల్ బాగా కుదిరిందన్న సంతోషంతో ప్రెస్సుకు ఒక పెట్టె సీసాలు పంపారట. మావారు నాలుగు తెచ్చారు. వాటి మీద తెల్లటి పళ్ళతో నవ్వుతున్న ఒకావిడ బొమ్మ. ఆవిడకు ఏ వయసో చెప్పలేం, ఏ హార్మోనూ లేనట్టుంది.

నేను పన్నెండేళ్ళుగా పొద్దున్నే పరగడుపున థైరాయిడ్ మాత్ర వేసుకుంటాను. దాంతో పాటు ఇవి వేసుకోవచ్చా అని మావారిని అడిగాను. అడగకపోతే ఈ వ్యాసం లేదు. ఆయన సీసా తిప్పి, ప్రెస్సులో చదివే గొంతుతో చదివి వినిపించారు. 'థైరాయిడ్ మాత్రలు వాడేవారిలో దుష్ప్రభావాలు ఉండవు. వైద్యుని సంప్రదించగలరు.'

ఉండనప్పుడు వైద్యుణ్ణి సంప్రదించడం దేనికని అడిగాను.

మావారు కళ్ళజోడు సవరించుకున్నారు. వ్యాకరణం వచ్చినవాళ్ళు అలాగే చేస్తారు. 'గలరు' అనేది సామర్థ్యాన్ని తెలిపే మాటట. సంప్రదించగలరు అంటే సంప్రదించే శక్తి కలవారు అని అర్థమట. అంటే ఈ మందు వాడుతున్నవాళ్ళకు డాక్టరు దగ్గరికి నడిచి వెళ్ళేంత ఓపిక ఉంటుందని కంపెనీవాళ్ళు ఇస్తున్న హామీ. ఈ ప్రూఫు తానే చూశానని, సందేహం అక్కర్లేదని కూడా అన్నారు.

ఆ రోజే మొదలుపెట్టాను.

మొదట వచ్చింది ఏడుపు. అంతకుముందు నేను ఏడుపు విషయంలో మహా పిసినారిని. తగిన కారణం ఉండాలి, ఇంట్లో ఎవరూ ఉండకూడదు, పొయ్యి మీద ఏమీ ఉండకూడదు. ఇన్ని కుదిరేసరికి ఏడవాలన్న సంగతే మరిచిపోయేదాన్ని. క్యాప్సూల్స్ మొదలుపెట్టిన మూడో వారానికి ఈ నిబంధనలన్నీ ఎత్తేశారు. పక్కింటివాళ్ళ గుమ్మం ముందు కాళ్ళు తుడుచుకునే పట్టా మీద 'స్వాగతం' అని ఉంటుంది. తొక్కీ తొక్కీ అందులో 'స్వా' అరిగిపోయింది. 'గతం' మిగిలింది. దాని ముందు నిలబడి పది నిమిషాలు ఏడ్చాను. ఆ ఇంటావిడ తలుపు తీసి, ఎవరు పోయారని అడిగింది. కారణం లేకుండా ఏడవడంలో ఉన్న హాయి చెప్పలేను. కారణం ఉంటే అందరూ వచ్చి ఆ కారణాన్ని కొట్టిపారేస్తారు. లేనిదాన్ని ఎలా కొట్టిపారేస్తారు?

ఆ తరవాత కోపం. నా పాత కోపం చలికాలపు స్కూటరు లాంటిది. పక్కకు వంచి, పది సార్లు తన్నితే గానీ అంటుకునేది కాదు. అంటుకునేసరికి మావారు ఆఫీసుకు వెళ్ళిపోయి ఉండేవారు. ఇప్పుడు బటన్ నొక్కితే చాలు. ఆ బటన్ కూడా ఎవరూ నొక్కక్కర్లేదు. పోస్టాఫీసులో కౌంటరు దగ్గర పెన్నును దారంతో కట్టేసి ఉంచుతారు, చూశారా? దాన్ని చూడగానే నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. ఎన్నేళ్ళుగా ఇది ఇక్కడ ఇలా పడి ఉందో, వచ్చినవాళ్ళందరూ వాడుకుని వెళ్ళిపోవడమే తప్ప ఒక్కరైనా దీని సంగతి అడిగారా? వెంటనే ముడి విప్పేశాను. కౌంటర్లో గుమాస్తా నావైపు చూశాడు. నేనూ చూశాను. నా ముందు ఆరుగురున్నా నా పని ముందు చేసి పంపించాడు.

చేతులు వణకడం ఇంకొక లాభం. పిండి జల్లించడానికి నేను ఇప్పుడు ప్రత్యేకంగా ఏమీ చేయక్కర్లేదు, జల్లెడ పట్టుకుంటే చాలు. వ్యాయామం బెడద కూడా తీరింది. మా అమ్మాయి చేతికి పెట్టుకునే గడియారం ఒకటి గుండె ఎంత వేగంగా కొట్టుకుంటోందో లెక్కపెడుతుంది. ఒకరోజు అది పెట్టుకుని కుర్చీలో కూర్చుని ఉల్లిపాయలు తరుగుతున్నాను. 'పరుగు చాలా బాగుంది, ఇలాగే కొనసాగించండి' అని మెచ్చుకుంది. నన్ను ఈ ఇంట్లో ఒక వస్తువు మెచ్చుకోవడం అదే మొదలు. ఇంకో నాలుగు ఉల్లిపాయలు తరిగాను.

ఐదు కిలోలు తగ్గాను. తిండి తగ్గించలేదు, ఆకలి పెరిగింది, అయినా తగ్గాను. జాకెట్లన్నిటికీ కుట్లు వేయించుకోవలసి వచ్చింది. వదినగారు నన్ను ఇటు తిప్పి అటు తిప్పి చూసి, మందు పనిచేస్తోందని ప్రకటించారు. ఆవిడతో పార్కులో నడిచే ఏడుగురు ఆడవాళ్ళకు నన్ను నమూనాగా చూపించి, ఏడుగురి చేతా సీసాలు కొనిపించారు.

ఇక్కడే మీకొక సంగతి చెప్పాలి. హెర్బల్ మందుతో కుటుంబానికి కలిగే అసలు మేలు ఇది. ఎవరి వాటా ఏమిటో తేలిపోతుంది. మా ఇంట్లో ఇప్పుడు ఏ గందరగోళమూ లేదు. మంచి జరిగితే మందు, చెడు జరిగితే నేను.

నేను సన్నబడితే మందు. నా చేయి వణికితే నేను వేళకు తినకపోవడం. తెల్లవారకముందే లేచి అలమారలన్నీ సర్దేస్తే మందు ఇచ్చిన హుషారు. అలమార తలుపు గట్టిగా వేస్తే నా స్వభావం. ఆ స్వభావం కూడా మా అమ్మవైపు నుంచి వచ్చిందట. మా అమ్మ పోయి తొమ్మిదేళ్ళయింది. ఆవిడ బతికుండగా మా ఇంటికి వచ్చింది ఐదుసార్లు. ఆ ఐదుసార్లలో ఏ తలుపూ గట్టిగా వేయలేదు.

పోనీ, ఇది మందు వల్లేమో అని నేను ఎప్పుడూ అనలేదనుకునేరు. చాలాసార్లు అన్నాను. ఏడుస్తూ ఒకసారి, అరుస్తూ రెండుసార్లు, మామూలుగా పదిసార్లు. మావారు ఓపికగా సీసా తెచ్చి, ఆ వాక్యం మీద వేలు పెట్టి చూపించేవారు. దుష్ప్రభావాలు ఉండవని అచ్చులో ఉంది. కాబట్టి నాకున్నవి దుష్ప్రభావాలు కావు. మరేమిటి? నేను! ఇంత శుభ్రమైన తర్కం మీ ఇంట్లో ఉందా? నేను డిగ్రీలో తర్కం చదువుకున్నాను, ఫస్ట్ క్లాసు కూడా వచ్చింది. ఆయన వాదనలో ఒక్క చిల్లు కనిపించలేదు. కనిపించనందుకు మళ్ళీ ఏడ్చాను.

మా అమ్మాయి స్టాటిస్టిక్స్ రెండో సంవత్సరం. అది సమస్యను శాస్త్రీయంగా తీసుకుంది. ఫ్రిజ్ తలుపు మీద 'అమ్మ వాతావరణం' అని ఒక పట్టిక అతికించింది. ఎండ, మబ్బు, వాన, పిడుగు. పొద్దున కాఫీ ఇచ్చేటప్పుడు నా మొహం చూసి అయస్కాంతం జరుపుతుంది. అప్పటి నుంచి నాతో ఏ పనున్నా తండ్రీ కూతుళ్ళు ముందు ఫ్రిజ్ దగ్గరికి వెళ్ళి చూసి వస్తారు. ఎంత గౌరవం! ఇరవై మూడేళ్ళలో నన్ను ఏదైనా అడగడానికి ఈ ఇంట్లో ఎవరైనా ముందు ఆలోచించారా? వాళ్ళు ఫ్రిజ్‌ని అడిగాక ఇక నన్ను అడగక్కర్లేకపోయింది, అది వేరే సంగతి.

ఇలా సుఖంగా రోజులు వెళ్తుండగా ఒక మంగళవారం పగలు పదకొండు గంటలకు కూరగాయల సంచీతో మెట్లెక్కుతున్నాను. మాది మూడో అంతస్తు. రెండో అంతస్తు దాటి మలుపు దగ్గరికి వచ్చేసరికి గుండె పక్షిలా కొట్టుకోవడం మొదలుపెట్టింది. చూపు చివర్లు నల్లబడ్డాయి. మెట్టు మీద కూర్చున్నాను. సంచీలోంచి రెండు టమాటాలు దొర్లుకుంటూ కిందికి వెళ్ళిపోయాయి. వాటి వెనకాల నేను కూడా వెళ్ళిపోతానేమో అనిపించి, రెయిలింగు పట్టుకున్నాను.

కింది వాటా ఆవిడ డాబా మీదికి వెళ్తూ నన్ను చూసింది. తన చీర కుచ్చిళ్ళు దగ్గరకు తీసుకుని, గోడవైపుగా, చప్పుడు చేయకుండా దాటి వెళ్ళింది. మా వాతావరణం ఆవిడ దాకా పాకినట్టుంది.

మావారికి ఫోన్ చేశాను. గుండె గబగబా కొట్టుకుంటోంది, లేవలేకపోతున్నాను అని చెప్పాను. అవతల మిషన్ల చప్పుడు. ఆ చప్పుడులోనే ఆయన చాలా శాంతంగా అడిగారు.

"ఎవరి మీద కోపమొచ్చింది?"

నిజం చెప్పాలంటే అప్పటిదాకా ఎవరి మీదా రాలేదు.

మెల్లగా ఊపిరి పీల్చుకోమన్నారు, పదంకెలు లెక్కపెట్టమన్నారు. ఫోన్ పెట్టేశారు. నేను పదంకెలు లెక్కపెట్టాను. వెనక్కి కూడా లెక్కపెట్టాను. నలభై నిమిషాల తరవాత మా అమ్మాయి కాలేజీ నుంచి వచ్చింది. మెట్ల మీద టమాటాలు ఏరుకుంటూ పైకి వచ్చి, నన్ను చూసి, పక్కన కూర్చుంది. నా చేయి పట్టుకుంది. అప్పుడే అది నా మొహం చూడ్డం మాని నా నాడి చూసింది. తన గడియారం తీసి నా చేతికి పెట్టింది. ఈసారి అది పరుగు బాగుందని అనలేదు. వెంటనే విశ్రాంతి తీసుకోవాలని రాసింది.

"లేమ్మా, డాక్టరు దగ్గరికి వెళ్దాం" అంది. ఫ్రిజ్ చూసి రాలేదు.

లేడీ డాక్టరు నా కళ్ళు చూశారు, చేతులు చాచమన్నారు, వేళ్ళ మీద కాగితం పెట్టి అది ఎలా వణుకుతోందో చూశారు. ఏమేం వాడుతున్నానని అడిగారు. సీసా తీసి ఇచ్చాను. ఆవిడ లేబుల్ చదివి, మళ్ళీ చదివి, కిటికీ వెలుతురులో పెట్టి ఇంకోసారి చదివారు.

"ఉండవట. మరి నన్నెందుకు సంప్రదించడం?"

మావారు చెప్పిన వ్యాకరణం వివరంగా చెప్పాను. డాక్టరుగారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

రక్త పరీక్ష చేయించారు. మర్నాడు రిపోర్టు వచ్చింది. నా ఒంట్లో థైరాయిడ్ ఇద్దరు మనుషులకు సరిపడా ఉందట. ఆ క్యాప్సూల్‌లో ఉన్న వేళ్ళలో ఒకటి కొందరికి థైరాయిడ్‌ను పెంచవచ్చట. అసలే మాత్ర వేసుకుంటున్న నాకు రెండూ కలిసి ఎక్కువైపోయి ఉంటాయన్నారు. ఏడుపు, కోపం, వణుకు, బరువు తగ్గడం, నిద్రపట్టకపోవడం, గుండె దడ, అన్నీ ఆ ఒక్క కుటుంబానికి చెందినవేనట. సీసా ఆ రోజే ఆపేయమన్నారు. మాత్ర ఎంత వేసుకోవాలో రాసిచ్చి, ఆరు వారాల తరవాత మళ్ళీ పరీక్ష చేద్దామన్నారు. ఇంకో నెల ఇలాగే నడిచి ఉంటే మనం ఇక్కడ కాకుండా పై అంతస్తులో మాట్లాడుకునేవాళ్ళం అని చాలా మామూలుగా అన్నారు. పై అంతస్తులో గుండె జబ్బుల వార్డు ఉంది.

మూలికలంటే తనకు పడదని అనుకోవద్దని, వేరు కూడా మందేనని, మందంటే ఏదో ఒకటి చేస్తుందని చెప్పారు. ఏమీ చేయనిదైతే అసలు ఎందుకు వేసుకుంటాం? ఈ ముక్క నాకు రెండు నెలల ముందు తట్టలేదు. డిగ్రీ ఉండి కూడా.

ఇంటికి వచ్చాం. మా అమ్మాయి వంటింట్లోకి వెళ్ళి మేకుకు గుచ్చిన కాగితాల బొత్తి దించింది. మావారు ప్రెస్సులో పని అయిపోయిన ప్రూఫులు ఇంటికి తెస్తారు. వాటి వెనకవైపు నేను సరుకులు రాసుకుంటాను. అన్నీ బొత్తిలోనే ఉంటాయి. తల్లీ కూతుళ్ళం వంటింటి నేల మీద కూర్చుని ఆ లేబుల్ ప్రూఫు కోసం వెతికాం. పప్పులు, సబ్బు, బల్బు, ఎలకల మందు అని నా దస్తూరిలో ఉన్న జాబితా ఒకటి తిరగేస్తే, వెనకాల తెల్లటి పళ్ళతో ఆవిడ నవ్వుతోంది.

కంపోజింగ్‌లో వచ్చిన వాక్యం ఇది. 'థైరాయిడ్ మాత్రలు వాడేవారిలో దుష్ప్రభావాలు ఉండవచు. వైద్యుని సంప్రదించగలరు.'

కంపెనీవాళ్ళు ఉండవచ్చు అనే రాసిచ్చారు. కంపోజింగ్‌లో 'చ' కింద ఒత్తు ఎగిరిపోయింది. ఉండవచు అన్న మాట ఏ భాషలోనూ లేదు. అది మావారి కంటబడింది. ఆయన ఒత్తు పెట్టలేదు. 'చు' కొట్టేసి, 'వ'కు కొమ్ము తగిలించారు. ఉండవు. పక్కన మార్జిన్‌లో 'అనవసర అక్షరం తొలగించాలి' అని ఎర్ర పెన్నుతో ముచ్చటగా రాసి, సంతకం పెట్టి, తేదీ వేశారు.

ఆ 'వ'కు వచ్చింది ఒక్క కొమ్ము. రెండు నెలలుగా నాకు కొమ్ములొచ్చాయని ఊరంతా అనుకుంటున్నది అందువల్లన్నమాట!

సాయంత్రం మావారు వచ్చేసరికి డైనింగ్ టేబుల్ మీద రిపోర్టు, సీసా, ప్రూఫు వరసగా పెట్టి ఉన్నాయి. రిపోర్టు ముందు తీసుకున్నారు. అందులో హార్మోన్‌కు దీర్ఘం లేకపోవడం గమనించి ఎర్ర పెన్ను కోసం జేబులోకి చేయి పోనిచ్చారు. అప్పుడు ప్రూఫు కనపడింది. చేయి జేబులోనే ఉండిపోయింది.

"ఇది పాఠాంతరం" అన్నారు.

మీకు తెలియదేమో. ఇతరులు చేసినదాన్ని మావారు తప్పంటారు. తాను చేసినదాన్ని పాఠాంతరమంటారు. కాఫీలో ఉప్పు వేసినప్పుడు కూడా ఆ మాటే వాడారు.

తరవాత వివరణ వచ్చింది. ఒత్తు మింగింది కంపోజింగ్‌వాళ్ళట. తన ముందుకు వచ్చింది అర్థం లేని మాటట. దాన్ని అర్థమున్న మాటగా చేయడమే తన ఉద్యోగమట. మూడు వందల లేబుళ్ళు చూశారట, ఒక్క లేబుల్ మీద కూడా దుష్ప్రభావాలు ఉండవచ్చని ఎవరూ రాసుకోలేదట, అందుకే చేయి అలవాటుగా అటు పోయిందట. పైగా కంపెనీవాళ్ళు కూడా చూసి సంతకం పెట్టారట. ఇలా కంపోజింగ్ నుంచి కంపెనీ దాకా అందరికీ తలా కాస్త పంచిపెట్టారు. ఆ పంపకంలో ఒక్కరినే మరిచిపోయారు.

నేను అన్నీ విన్నాను. ఆ కొమ్ము గురించి నేనేమీ అనలేదు. అక్షరాలన్నాక జారతాయి. మనుషులన్నాక అలసిపోతారు. ఆ లేబుల్ చూసిన రోజు ఆయనకు చూడవలసినవి ఇంకో ఇరవై ఉండి ఉంటాయి. నేనడిగింది వేరే.

"మెట్ల మీంచి ఫోన్ చేసి నేను చెప్పింది ఒక్క వాక్యమండీ. గుండె గబగబా కొట్టుకుంటోంది, లేవలేకపోతున్నాను. అందులో ఏ అక్షరం తగ్గిందో చెప్పండి."

ఆయన ప్రూఫు మడత పెట్టబోయి, పెట్టకుండా అలాగే ఉంచారు.

పాఠకులారా, సైడ్ ఎఫెక్టుల గురించి ఇంతసేపు నేను చెప్పిన గొప్పలన్నీ మీరు నమ్మారో లేదో నాకు తెలియదు. ఒకటి మాత్రం నమ్మండి. ఆ రెండు నెలల్లో వణుకును ఎలాగో భరించాను. దడను కూడా భరించాను. వణుకుతున్నానని చెప్పినప్పుడల్లా సీసా తెచ్చి చూపించేవారే, అదే భరించలేకపోయాను. మనిషి పక్కన కూర్చుని ఇలా ఉందని నోటితో చెబుతుంటే, ఆ మనిషి ఎలా ఉందో చూడ్డానికి సీసా వైపు తిరిగేవాళ్ళు మీ ఇంట్లో కూడా ఉండవచ్చు. ఒత్తుతో సహా అంటున్నాను.

మర్నాడు పొద్దున వదినగారు ఫోన్ చేశారు. మా అమ్మాయి ముందే అన్నీ చెప్పేసింది. ఆవిడ గొంతులో ఎంక్వైరీ కౌంటర్ లేదు. తన పార్కు బృందంలో ఏడుగురిలో ఇద్దరు థైరాయిడ్ మాత్రలు వాడుతున్నారట. ఒకావిడ వారం నుంచి నడకకు రావడం లేదట, ఒంట్లో బాగాలేదంటే బద్ధకమనుకున్నారట. ఇద్దరికీ పొద్దున్నే ఫోన్ చేసి సీసాలు పక్కన పెట్టించి, డాక్టరు దగ్గరికి పంపించారట. మావారిని పిలవమన్నారు. ఫోన్ ఆయన చెవి దగ్గర ఉన్నా నాకు స్పష్టంగా వినిపించింది.

"వాళ్ళు లేబుల్ చూసి కొన్లేదురా తమ్ముడూ. నన్ను చూసి కొన్నారు. నేను నిన్ను చూసి చెప్పాను."

మావారు సరే అక్కయ్యా అన్నారు. ఫోన్ పెట్టి కిటికీ దగ్గర నిలబడ్డారు. ఆ రోజు పదిగంటలకు అదే లేబుల్ రెండో ముద్రణ మొదలవుతుందని నాకు తెలుసు, ఆయనకూ తెలుసు. గడియారంలో తొమ్మిదిన్నర. నేను వంటింట్లోకి వెళ్ళి మిక్సీ వేశాను. నా ఎదురుగా ఆ ఫోన్ చేయడం ఆయనకు కష్టమని ఇరవై మూడేళ్ళలో ఆ మాత్రం తెలుసుకున్నాను.

మా అమ్మాయి వచ్చి మిక్సీ ఆపేసింది. నోటి మీద వేలు పెట్టుకుంది.

హాల్లో ఆయన ఓనరుతో మాట్లాడుతున్నారు. మిషను ఎక్కించవద్దన్నారు. నేనే వస్తున్నాను, ప్రూఫు తెస్తున్నాను, కంపెనీకి నేనే ఫోన్ చేసి చెబుతాను, ఇదివరకు వెళ్ళిన సీసాలన్నీ వెనక్కి పిలిపించాలి అన్నారు. అవతల ఓనరు గొంతు పెరిగింది. ఏమంటున్నాడో వినపడలేదు. మావారు మధ్యలో ఆపారు.

"కాదు సార్, కంపోజింగ్‌ది కాదు. వాళ్ళది ఒత్తు మాత్రమే. అర్థం మార్చింది నేను."

ఫోన్ పెట్టేశాక ఆయన అడుగులు వంటింటి వైపు వచ్చాయి. గుమ్మం దగ్గర ఆగాయి. నేను వెనక్కి తిరగలేదు. మిక్సీ జార్ మూత తీసి చూసి మళ్ళీ బిగిస్తున్నాను, చేతి వణుకు ఇంకా పోలేదు కాబట్టి అది కుదరడం లేదు. ఆయన లోపలికి వచ్చి జార్ నా చేతిలోంచి తీసుకున్నారు, మూత బిగించారు, బల్ల మీద పెట్టారు.

"నువ్వు మొదటి రోజు నుంచి సరిగ్గానే చెప్పావు" అన్నారు. "నేనే తప్పు చదివాను. నిన్ను."

మిక్సీ చప్పుడులో వినపడలేదన్నాను. మిక్సీ ఎప్పుడో ఆగిపోయింది. ఆ సంగతి ఆయనకు తెలుసు, గుమ్మంలో నవ్వు ఆపుకుంటున్న మా అమ్మాయికీ తెలుసు. అయినా ఆయన గొంతు సవరించుకుని, పక్క వాటాకు కూడా వినపడేలా, ప్రెస్సులో చదివినట్టు ఒక్కొక్క అక్షరం విడివిడిగా మళ్ళీ చెప్పారు.

"తప్పు నాది."